పెరటి పొగబండి



పెన్నకు ఉత్తరపుటొడ్డున నున్న మా కోవూరునకు పడుగుపాడు స్టేషను ముంగిలి వంటిది. రాత్రివేళ బండి నడచు చప్పుడును బట్టియే అది సరకుల బండియో ప్రయాణికుల బండియో చెప్పగల వృద్ధులు మా యూర నిప్పటికిని కలరు. కాని ఆ బండిని లాగునది ఆవిరియింజను గాక చాలకాలమైనది. మన దేశమున బ్రాడ్‌గేజి పట్టాలపై ఆవిరిబండ్ల దినసరి రాకపోకలు 1995 డిసెంబరుతో ముగిసినవి. నా మనుమడు బొమ్మ గీసినప్పుడు రైలింజనుకు పొగగొట్టము తప్పక పెట్టును గాని, ఆ పొగ యెందుకు ఊపిరివలె ఆగి యాగి వచ్చునో వాడెఱుగడు. పిస్టనును త్రోసి పని తీరిన ఆవిరి గొట్టముగుండ పైకి పోవుచు పొగను తనతో లాగుకొని పోవుననియు, ఆ లాగుడుచేతనే పొయ్యి రగులుననియు, బరువు హెచ్చినకొలది నిప్పును హెచ్చుననియు చెప్పి చూచితిని. మాటలతో తెలియు సంగతి కాదది.

అందువలన పెరటి మామిడిచెట్ల నడుమ చిన్నపట్టా వేయించి, నిజముగా నీరు కాగి నిజముగా ఆవిరిపట్టి నడచు యింజనును తెచ్చి చూపవలయునని సంకల్పించితిని. అట్టి యింజనుకై రెండేండ్లు వెదకితిని. ఆ వెదకులాటలో తెలిసికొన్న విషయములను మీకు మనవి చేసెదను.

బజారున రైలుబొమ్మలకు కొదువ లేదు. వానిలో పెక్కింటికి ఆవిరియింజను రూపు మాత్రమే యుండును. లోపల నుండునది విద్యుత్తు మోటారు. రాజులకును ఈ మోజు తప్పలేదు. గ్వాలియరులోని జయవిలాస సౌధమున సింధియా ప్రభువుల భోజనపు బల్లపై అతిథులకు పానీయములు, చుట్టలు మోసికొని తిరుగు వెండిరైలు కలదు. ఇంగ్లాండున నార్తాంప్టనులోని బాసెట్‌-లోక్ వారు చేసినది. సీసా నెత్తినచో బండి నిలుచునట. ఎంత వెండి పోసినను అదియును విద్యుత్తుతో నడచునదే. రైల్వే ప్రదర్శనశాలలలో గాజు పెట్టెలనుండి మనలను చూచు నమూనాలు కొన్ని మిగుల ముచ్చటైనవి. కాని అవి చూపునకే గాని నడుపుటకు గావు.

నిజమైన ఆవిరి నమూనాలలో పెరటికి తగినవి ముఖ్యముగ 32 మిల్లీమీటర్ల పట్టామీదివి, 45 మిల్లీమీటర్ల పట్టామీదివి. 5 అంగుళముల పట్టాపై మనుష్యులనే లాగు యింజన్లును కలవు. అవి ఇద్దరు మనుష్యులు కష్టపడి యెత్తవలసిన బరువు, ఇనుపపట్టాలు, రాక్షసిబొగ్గు, వెనుక నొక తెలిసిన మనిషి కోరును. అవి పాఠశాల యావరణమునకు తగును గాని ఇంటి పెరటికి తగవు.

ఇచ్చట నా ఆశ కొంత భగ్నమైనది. మన బండినే కావలెనని కోరితిని. 1947లో వచ్చి మద్రాసు మెయిళ్లను లాగిన డబ్ల్యు.పి. తరగతి యింజనును, ఆ తుపాకిగుండు వంటి ముక్కును, దానిపై నక్షత్రమును మఱచినవారెవరు? లెక్క వేసి చూచితిని. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. ఈ పరిమాణపు నమూనాలను వాడుకగా 32వ వంతున చేయుదురు. ఆ లెక్కకు మన పట్టా 52 మిల్లీమీటర్లకు పైబడును. దొరకు పట్టా 45. అది ఇంగ్లాండు, అమెరికా దేశముల పట్టాకు సరిపోవునే కాని మనదానికి సరిపోదు. అంగడిలో డబ్ల్యు.పి. ఆవిరి యింజను నాకు కనబడకపోవుటకు ఇదియు నొక కారణమని తోచినది. మీటరుగేజి అభిమానులకు మాత్రము దారి కలదు. గుంటూరు–గుంతకల్లు మార్గమున 1990 ప్రాంతము వఱకును చిన్నబండిని ఎక్కినవారు ఈ మాట వినుదురు గాక: మీటరును 22½తో భాగింప ఇంచుమించు 45 మిల్లీమీటర్లే వచ్చును. మంచి లేతు పనివాడు చేతనుండి, ఓపిక యుండినచో వై.పి. యింజనును ఆ కొలతకు చేయించుకొనవచ్చును. ఆవిరియింజను కట్టు విద్య మన యొద్ద నశింపలేదు. తిరుచిరాపల్లి పొన్మలై కర్మాగారమున 2011 తరువాత గూడ నీలగిరి కొండబండికి క్రొత్త ఆవిరియింజన్లు కట్టిరి.

తయారై యున్న భారతీయ యింజను కావలెనన్నచో నాకు కానవచ్చినది డార్జిలింగు కొండబండి ‘బి’ తరగతి. ఆ బండి రెండడుగుల పట్టాది. 19వ వంతున అది సరిగా 32 మిల్లీమీటర్లగును. ఇంగ్లాండున డాంకాస్టరులోని రౌండ్‌హౌసు వారు గ్యాసుతో మండు నమూనాగా దానిని చేసిరి. ఇట్టి యింజను ధర రెండు మూడు పాడిగేదెల ధరకు తక్కువ కాదు. దానిపై సుంకమును రవాణాయును. పాతదైనచో చౌక. చౌకయైనచోటనే చిక్కు.

ఒక పట్టణమున పాతవస్తువుల వర్తకుడొకడు ఆకుపచ్చరంగుతో ధగధగలాడు యింజను నాకు చూపెను. ధర విన్న వెంటనే డబ్బు తీయబుద్ధి పుట్టును. నాతో వచ్చిన మా యూరి కంచరి దానిని తలక్రిందు చేసి గోటితో గీకి, “అయ్యా, ఇది ఇత్తడి, అతుకు సీసము” అనెను. తరువాత చదివి తెలిసికొంటిని: వేడినీటిలో నెన్నడో ఇత్తడియందలి తుత్తునాగము కరగిపోవగా మిగిలిన లోహము గుల్లబాఱును. తగరము, సీసము కలిపిన టంకము 180 డిగ్రీల ప్రాంతముననే కరగును. నీరింకిన బాయిలరు క్రింద మంట మఱచినచో నంత వేడి క్షణములో వచ్చును. వెండిటంకము 600 డిగ్రీలు దాటినగాని కరగదు. కనుక రాగి బాయిలరు, వెండిటంకము – ఈ రెండును లేని యింజనును ఎంత చౌకకిచ్చినను ముట్టుకొనకుడు. మేము దానిని బల్లమీదనే విడిచి వచ్చితిమి.

ఈ చిన్న బాయిలర్లలో నుండు ఒత్తిడి చదరపు అంగుళమునకు 40 పౌనుల ప్రాంతము. మోటారుకారు చక్రపు గాలికంటె కొంచెము హెచ్చు. అయినను చక్రము పగిలిన గాలి వచ్చును. ఇది పగిలిన కాగిన నీరు పిల్లల ముఖముపై పడును. 1923 నాటి బాయిలర్ల చట్టమునకు మాఱుగా 2025లో క్రొత్తచట్టము వచ్చినది గాని, 25 లీటర్లకు లోబడిన పాత్రలు దాని పరిధిలో లేవు. మన చెంబెడు బాయిలరును పరీక్షించుటకు ఏ ఇన్‌స్పెక్టరును రాడు. మనమే చేయింపవలయును. బాయిలరు నిండ చన్నీరు నింపి, చేతిపంపుతో పనియొత్తిడికి రెండింతలు పెట్టి, ముల్లు దిగకుండ నిలుచునో లేదో చూడవలయును. నీటితోనే ఏలయనిన, నీరు గాలివలె వ్యాకోచింపదు. అతుకు విడిచినచో చెమ్మ కాఱి యూరకుండును. సేఫ్టీవాల్వు తనంతట తాను తెఱచుకొనుటయును కన్నులార చూడవలయును.

మన సీమకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని కలవు. మా బోరునీరు కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కట్టును. ఆ పెచ్చే బాయిలరు గొట్టములకును పట్టును. నేను వానకాలమున పెంకులపై తొలిజల్లు పోనిచ్చి, తరువాతి వాననీటిని వడకట్టి జాడీలలో నిలువచేయుచున్నాను. స్పిరిటుతో మండు యింజన్లు కొందఱకు ప్రియము. కాని రోహిణికార్తె యెండలో స్పిరిటుమంట కంటికి కనబడదు. ఆరినదనుకొని చేయి పెట్టుదురు. గ్యాసుదియైనను ఎండలో కాగిన గ్యాసుతొట్టిలో ఒత్తిడి పెరుగును గనుక నీడనే నింపవలయును.

ఒక చిన్న సంగతి. మన తీరపు సరుగుడు తోపులకు పొగబండితో చుట్టఱికము కలదు. 19వ శతాబ్దమున రైలింజన్ల కట్టెలకొఱకే మద్రాసు, నెల్లూరు తీరముల ఇసుకనేలలలో వానిని విరివిగా నాటించిరి. నా పట్టా స్లీపర్లు సరుగుడువే కావలెనని ముచ్చటపడితిని గాని, వడ్రంగి అది చీలునని తల యూపెను. టేకు ముక్కలే వేయించితిమి.

డార్జిలింగు యింజను పాతది యొకటి, రాగి బాయిలరుది, నాకు కుదిరినది. మా కంచరి యెదుట నీటిపరీక్షకు నిలిచినది. మామిడిచెట్ల చుట్టును పట్టా పడినది. వంకరలకు పదియడుగుల అర్ధవ్యాసము ఇచ్చితిమి. పిల్లలు నిలువవలసిన చోట త్రాడు కట్టించితిని. మొదటి నడకకు ధనుర్మాసము నిశ్చయించితిని. ఎండపొద్దున ఆవిరి యిట్టె కరగి కంటికి కనబడదు. ఆ నెలలో తెల్లవాఱుజామున గాలి చల్లగా తేమగా నుండును గనుక ప్రతి యూపిరియు తెల్లగా విడివిడిగా లేచును; మనుమడు లెక్కపెట్టుకొనవచ్చును.