రాయికి మన పేరు, లెక్క ఎవరి చేతిలో?

(అరకులోయలో గిరిజన విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లోకి జీపు వస్తుంది. ఇద్దరు దిగి, నేల మీద చిన్న డబ్బా పెట్టి, అంకె రాసుకుని పోతారు. ఏంటి సార్ అంటే ‘సర్వే’ అంటారు. ఆ ఒక్క మాటకే మన నోరు మూతపడుతుంది. ఇవాళ ఆ డబ్బా మూత తీద్దాం.

అది గ్రావిమీటరు. భూమి కిందికి లాగే బలంలో పది లక్షల వంతు తేడానూ పసిగడుతుంది. అడుగున బరువు రాయి ఉంటే లాగుడు ఎక్కువ, తేలిక రాయి ఉంటే తక్కువ. మీటరు ఎత్తు ఎక్కితే లాగుడు 0.3 మిల్లీగాల్ తగ్గుతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో ఎత్తునూ, చుట్టూ ఉన్న కొండలనూ లెక్కకట్టి దిద్దకపోతే ఆ అంకెకు అర్థం లేదు. రెండో పరికరం మాగ్నెటోమీటరు. అది రాళ్లలోని అయస్కాంత గుణాన్ని చదువుతుంది. రైలు పట్టాలకు దూరంగా పెట్టి కొలవాలి.

మరి మన కొండల్లో పెట్రోలు ఉందా? లేదు. ఇవి కాలి, నలిగి గట్టిపడ్డ పాతకాలపు రాళ్లు. వాటిలో ఒకదాని పేరు ఖొండలైటు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త మన ఖోండుల పేరు మీదనే ఆ పేరు పెట్టాడు.

ఇదే కోవ రాయి కిందికి దిగి కృష్ణా, గోదావరి డెల్టాల అడుగున నేలమాళిగలా పరుచుకుంది. దాని మీద కిలోమీటర్ల మందాన ఇసుక, బురద పేరుకుని అవక్షేప శిలలయ్యాయి. అవి తేలిక, అయస్కాంత గుణమూ తక్కువ. అందుకే లాగుడు తగ్గినచోట గుంట లోతు, పెరిగినచోట అడుగురాయి పైకి లేచిందని అంచనా. తణుకు దగ్గర మిట్ట, గుడివాడ, మండపేట దగ్గర గుంటలు ఉన్నాయని తెలిసింది. అవి మన కనుమల వరసలోనే, ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. మండపేట గుంటలో గ్యాసు దొరికింది.

అయితే ఒక మాట. పటం సాక్ష్యం కాదు, అనుమానమే. లోతున ఉన్న పెద్ద రాయి, పైన ఉన్న చిన్న రాయి ఒకే అంకె చూపించగలవు. కంపనాల సర్వే చేసి, బావి తవ్వితేనే నిజం తేలుతుంది. కాబట్టి జీపు కనబడగానే ఊరు పోయిందని బెదరొద్దు. అంకె చూపించి ఆశ పెడితే నమ్మొద్దు.

కొలవడం వేరు, తవ్వడం వేరు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనులు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టింది మన అనంతగిరి మండలంలోనే. కొలత దగ్గరే మనం మేలుకుంటే తవ్వకం దగ్గర మోసపోం.

ఈసారి జీపు వస్తే మూడు ప్రశ్నలు అడుగుదాం. ఎవరు పంపారు? ఏం కొలుస్తున్నారు? ఆ పటం మా గ్రామసభకు ఇస్తారా?

రాయికి మన పేరు పెట్టుకున్నారు. ఆ రాయి లెక్క మన పిల్లలే కట్టే రోజు రావాలి. ఆ చదువు చదవండి.