దేశపు కరెంటు లెక్క, చిత్తుతో సహా

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ రూల్సు కాకుండా ఇంకేదైనా విషయం మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. డి.ఎ. బకాయిల ఊసు లేకుండా మన సభలో పావుగంట గడపటం కష్టమే గాని, ప్రయత్నిస్తాను. నా విషయం కరెంటు. మన దేశం బొగ్గు తగ్గించి ఎండకూ గాలికీ మారాలంటే ఏ ఏడాది ఏ కేంద్రం కట్టాలి, ఎంత ఖర్చవుతుంది అని పెద్దలు లెక్కలు వేస్తున్నారు. ఆ లెక్క జవాబు ఒక్కటే కాదు, చిత్తుతో సహా మన చేతికి రావాలని నా వాదన.

నేను ఇంజనీరును కాను. నీటిపారుదల శాఖలో, అదీ ఎక్కువ కాలం సాగర్ కుడికాలువ మీద, గుమాస్తాగా పనిచేశాను. అయితే ఎస్టిమేటు అంటే ఏమిటో తెలుసు. అడుగున మొత్తం ఎంత అందంగా టైపు కొట్టినా, వెనక కొలతల పుస్తకం, రేట్ల పట్టిక లేకపోతే ఆ బిల్లును మా సెక్షన్లో ఎవరూ ముట్టేవారు కాదు. ఇప్పుడు దేశం మొత్తానికి వేసిన ఎస్టిమేటు చూడండి.

2021 నవంబరులో గ్లాస్గో సభలో మన ప్రధాని 2030 నాటికి బొగ్గు, గ్యాసు, చమురు కాని సామర్థ్యం 5 లక్షల మెగావాట్లకు చేరుస్తామని, 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని ప్రకటించారు. 2025 జూన్ నాటికి దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం అటువంటిదే అయింది. సంతోషమే. కాని సామర్థ్యం వేరు, యూనిట్లు వేరు. ఆఫీసులో ఎన్ని కుర్చీలున్నాయి అన్నది ఒక లెక్క, ఎందరు పనిచేస్తున్నారు అన్నది ఇంకో లెక్క. 2023-24లో దేశంలో పుట్టిన యూనిట్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గువే. సూర్యుడు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగిపోతాడు. మనం టీవీ, ఫ్యాను, మోటారు వేసేది అప్పుడే.

ఏడాదికి 8,760 గంటలు. ప్రతి గంటకూ వాడకం ఎంత, ఎండ ఎంత, గాలి ఎంత, ఏ కేంద్రం యూనిట్ ఏ ధరకు ఇస్తుంది, ఏ లైను ఎంత మోయగలదు, బ్యాటరీలో ఎంత దాచవచ్చు అన్నవి పట్టికలుగా రాసి కంప్యూటరుకు ఇస్తారు. ఏ గంటలోనూ దీపం ఆరకూడదు, మొత్తం ఖర్చు అన్నిటికన్నా తక్కువ కావాలి, దారి చూపించు అంటారు. దీన్నే మోడల్ అంటున్నారు. పేరు పెద్దదే గాని, ఇంటి బడ్జెట్టు వేసే గృహిణికి ఇందులో కొత్తేమీ కనపడదు. గంటల సంఖ్యే ఎక్కువ.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2029-30కి ఇటువంటి లెక్క వేసి 2020 జనవరిలో నివేదిక ఇచ్చింది. అందులో బ్యాటరీలు 27,000 మెగావాట్లు, అవి దాచేది 10.8 కోట్ల యూనిట్లు. 2023 ఏప్రిల్లో లెక్కను సవరించింది. బ్యాటరీలు 41,650 మెగావాట్లు, దాచేది 20.8 కోట్ల యూనిట్లు. మూడేళ్ళలో దాదాపు రెట్టింపు! తప్పు పట్టటం లేదు. ధరలు మారతాయి, అంచనాలు మారతాయి. పైగా ఆ సంస్థ తన ఊహలను నివేదికలో అచ్చువేసింది కూడా, అది మెచ్చుకోవాలి. కాని లెక్క కట్టిన సాఫ్ట్‌వేరు మన చేతిలో ఉండదు. బ్యాటరీ ధర పది శాతం పెరిగితే జవాబు ఎటు తిరుగుతుందో మనం వేసి చూసుకోలేం.

అలా వేసి చూసుకోనిచ్చేదే ఓపెన్ సోర్స్ మోడల్. ప్రోగ్రాము, అంకెలు, సూత్రాలు అన్నీ బహిరంగం. ఎవరైనా ఉచితంగా దించుకుని అంకె మార్చి మళ్ళీ నడపవచ్చు. స్వీడన్‌లో ఓసెమోసిస్, జర్మనీలో పైప్సా అలా పుట్టినవే. మన దేశంలో 2014లో ప్రణాళికా సంఘం 2047 వరకూ ఇంధన లెక్కను అందరూ తెరిచి చూసేలా పెట్టింది. తరువాత నీతి ఆయోగ్ దాన్ని సవరిస్తూ వచ్చింది. పుణెలోని ప్రయాస్ సంస్థ 2021లో 'రూమీ' అనే వేదికను, దాని మీద మన దేశానికి ఒక మోడల్‌ను విడుదల చేసింది. అందులో నాకు నచ్చింది, ఇళ్ళ వాడకాన్ని గుండుగుత్తగా రాయకుండా పల్లె, పట్నం, ఉన్నవారు, లేనివారు అని విడదీసి కట్టటం. ఏసీ ఉన్న ఇంటినీ ఒక్క బల్బు ఇంటినీ కలిపి సగటు తీస్తే రెండిళ్ళకీ న్యాయం జరగదు కదా.

తెరిచి పెడితే ఏమొస్తుంది అంటారా? మా సాగర్ సంగతే చెబుతాను. నాగార్జునసాగర్ పవర్ హౌసులో మొదటి యూనిట్ కాక మిగిలిన ఏడూ తిరగేసి నీళ్ళు తోడగల యంత్రాలు. ఒక్కొక్కటి 100.8 మెగావాట్లు, మొత్తం 705.6. కరెంటు మిగిలిన వేళ నీటిని పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదలవచ్చు. బ్యాటరీలు రాక ముందే మనకున్న బ్యాటరీ అది. కాని తోడటానికి కింద నీరు నిలవాలి. దిగువన సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ పూర్తికాక ఎన్నో ఏళ్ళు ఆ సదుపాయం అక్కరకు రాలేదు. పట్టికలో మాత్రం 705.6 అని దర్జాగా ఉండేది! ఢిల్లీలో పట్టిక రాసేవారికి అంకె తెలుస్తుంది. నీళ్ళు నిలిచాయో లేదో మాచర్లలో కిళ్ళీకొట్టు అతనికి తెలుస్తుంది. పట్టిక తెరిచి ఉంటేనే ఈ వరుస తప్పయ్యా అని అతను వేలు పెట్టి చూపగలడు.

వ్యవసాయపు కరెంటు కూడా అంతే. ఒకప్పుడు మిగులు కరెంటు అర్ధరాత్రి ఉండేది గనుక రైతుకు అర్ధరాత్రి ఇచ్చేవారు. టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట నడిచి పాము కాటుకు పోయినవారు మన ఊళ్ళల్లో ఉన్నారు. ఇప్పుడు మిగులు మధ్యాహ్నం వస్తోంది. మోటార్లను పగటికి మార్చితే రైతు రాత్రి నిద్రపోతాడు, ఆ మేరకు బ్యాటరీలూ తగ్గుతాయి. ఎంత తగ్గుతాయన్నది మోడల్లో ఒక వరుస మార్చితే వచ్చే జవాబు. మా మనవరాలు ఇంజనీరింగు చదివింది. ఒక చిన్న నమూనా లెక్కలో మోటార్ల వాడకాన్ని రాత్రి నుంచి పగటికి జరిపి నాకు చూపించింది. మార్చటానికి పట్టింది కాఫీ చల్లారేంత సేపు.

తెరిచి పెట్టిన లెక్క అంతా ఒప్పని నేననటం లేదు. తప్పుడు అంకె పోస్తే ఇదీ తప్పే చెబుతుంది. వానలు వెనకపట్టిన ఏడు, లైను వేయటానికి స్థలం ఇవ్వని ఊరు ఇందులో సరిగా ఇమడవు. అయినా ఎక్కడ తప్పిందో వెతికే వీలుంది.

మనకెందుకీ గొడవ అనకండి. కేంద్రాలతో కరెంటు కొనుగోలు ఒప్పందాలు చాలావరకు 25 ఏళ్ళకు రాసుకుంటారు. అంచనా హెచ్చితే వాడని కేంద్రానికీ స్థిరఛార్జీ కట్టాలి. తగ్గితే బయట ఎక్కువ ధరకు కొని, ఆ తేడాను సర్దుబాటు అనే పద్దు కింద మన బిల్లులో కలుపుతారు. ఎటుపోయినా మన పెన్షన్లో నుంచే. ఆ 25 ఏళ్ళూ కట్టేది మన మనవలు. 2000 ఆగస్టులో ఛార్జీల గొడవ బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్ళింది ఉమ్మడి రాష్ట్రంలోనే.

1999 నుంచి మనకు విద్యుత్ నియంత్రణ కమిషన్ ఉంది. డిస్కంలు ఎంత కరెంటు కావాలో, ఎక్కడ నుంచి తెస్తారో ముందుగా అంచనా దాఖలు చేయాలి. దాని మీద ప్రజలు అభ్యంతరాలు రాయవచ్చు, విచారణలో మాట్లాడవచ్చు. ఛార్జీ తగ్గించండి అని ఊరికే అడిగితే రికార్డు చేసుకుని వదిలేస్తారు. దానికి బదులు, ఈ అంచనాకు వాడిన పట్టికలు, గంటలవారీ వాడకం, మోడల్ ఫైలు నడిపి చూసుకునే రూపంలో బహిరంగంగా పెట్టండి అని అడుగుదాం.

ఒక పేజీ అర్జీ తయారుచేశాను. ఒక ప్రతి కమిషన్ కార్యదర్శికి, ఒకటి డిస్కంకు, ఒకటి మన ఫైలుకు. భోజనాల గది పక్క బల్ల మీద ఉంచాం. కళ్ళజోడు మరచిన వారికి మా మనవరాలు చదివి వినిపిస్తుంది. సంతకం కింద కరెంటు సర్వీసు నంబరు కూడా వేయండి.

సెలవు.