మార్టీ ఫ్రీడ్‌మన్ గిటార్: స్వరాన్ని చేరే దారి



ఈ వారం మెటల్ సంగీతం గురించి చెబుతానంటే, పెద్దవాళ్ళు కొందరు రేడియో కట్టేద్దామా అనుకుంటూ ఉండవచ్చు. ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. హైస్కూలు పిల్లల గదిలోంచి, తలుపు వేసినా సరే బయటికి వినపడే ఆ మోతలో, వీణ విన్న చెవికి బాగా తెలిసిన సంగతి ఒకటి ఉంది. దాన్ని అందరికంటే స్పష్టంగా వినిపించిన గిటారిస్టు మార్టీ ఫ్రీడ్‌మన్.

పిల్లలకి ఈ పేరు కొత్త కాదు. 1990లో వచ్చిన మెగాడెత్ ఆల్బమ్ 'రస్ట్ ఇన్ పీస్' లో 'టొర్నేడో ఆఫ్ సోల్స్' పాటకి సోలో వాయించింది ఈయనే. గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ ఏదో ఒక రోజు ఆ సోలో నేర్చుకోవాలని చూస్తాడు. చిక్కేమిటంటే, చాలామంది అభిమానులు అక్కడే ఆగిపోతారు. మెగాడెత్ ముందు, మధ్యలో, తరువాత ఆయన సొంతంగా చేసిన రికార్డులు పదికి పైగా ఉన్నాయి. ఆయన అసలు మనసు వాటిలోనే ఉందని నా అభిప్రాయం. ఆయనకు రావలసిన పేరు రాలేదనేది కూడా వాటి గురించే.

ముందు ఆయన వాయించే తీరు చూద్దాం. వీణ మీద ఒక మెట్టు దగ్గర తీగను నొక్కి పక్కకు లాగితే, పై స్వరం పలుకుతుంది కదా. గిటార్ మీద కూడా అంతే, దాన్ని 'బెండ్' అంటారు. మామూలుగా రాక్ గిటారిస్టు ఒక స్వరం దగ్గర మొదలుపెట్టి, తీగ లాగి, సరిగ్గా పై స్వరానికి చేరతాడు. మొదలూ తెలుసు, చివరా తెలుసు. ఫ్రీడ్‌మన్ అలా చెయ్యడు. ఒక్కోసారి శ్రుతిలో లేనట్టే అనిపించే చోట అందుకుంటాడు. అక్కడ నుంచి నెమ్మదిగా లాగి, మధ్యలో కాస్త నిలిచి, అప్పుడు చేరవలసిన స్వరం మీద వాలతాడు. ఆ మధ్య దారే వినవలసినది. మనవాళ్ళు జారు అనీ, కంపితం అనీ పేర్లు పెట్టి, ఏళ్ళ తరబడి సాధన చేయించేది ఇటువంటి దారి గురించే.

ఆయన మన గమకాలు నేర్చుకున్నాడని చెప్పటం లేదు. ఆయనకి ఈ సంగతి వేరే తోవన వచ్చింది. అమెరికాలో మేరీలాండ్‌లో పెరిగి, టీనేజ్‌లో హవాయికి వెళ్ళాడు. అక్కడ రేడియోలో జపనీస్ పాటలు వచ్చేవి. వాటిలో 'ఎంకా' అనే పాతకాలపు విషాద గీతాలు ఆయన్ని పట్టేశాయి. ఆ గాయనీ గాయకులు స్వరాన్ని వణికించే తీరునీ, ఆలస్యంగా అందుకునే తీరునీ గిటార్ మీదికి తెచ్చుకోవాలని కూర్చున్నాడు. అంటే ఆయనకి గురువు గిటార్ కాదు, మనిషి గొంతు. మన దగ్గర చిట్టిబాబు గారు వీణ మీద కోయిల కూత పలికించినప్పుడు జనం ఎందుకు మురిసిపోయారో తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక విశేషం. ఆయన ఇష్టంగా వాడే స్వరాల వరుసలలో గిటారిస్టులు 'హిరాజోషి' అని పిలిచేది ఒకటి ఉంది. అయిదే స్వరాలు. మన లెక్కలో షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, పంచమం, శుద్ధ దైవతం. సంగీతం నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే పాడించి చూడండి. శివరంజనిలో చతుశ్రుతి దైవతం తీసి, శుద్ధ దైవతం పెడితే వచ్చేది ఇదే. ఒక్క స్వరం తేడాతో మన శివరంజని పక్కింట్లో ఉంటుందన్నమాట! మెటల్‌లో ఆ బెంగ ఎక్కడి నుంచి వస్తోందా అనుకునేవాళ్ళకి ఇదొక జవాబు.

ఇక పిక్ పట్టుకునే చెయ్యి చూస్తే ఏ మాస్టారైనా మందలిస్తారు. మణికట్టు లోపలికి వంచి, అరచెయ్యి తీగలకి ఆనించకుండా గాలిలో ఉంచి, కింద నుంచి పైకి మీటుతుంటాడు. పద్ధతి ప్రకారం తప్పే. కానీ ఆ దెబ్బతోనే స్వరం ఒక్కొక్కటీ విడిగా, మాట పలికినట్టు వస్తుంది.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టి వినాలో చెబుతాను. 1988లో వచ్చిన మొదటి సొంత ఆల్బమ్ 'డ్రాగన్స్ కిస్' లో 'థండర్ మార్చ్' వినండి. కుర్రతనం, వేగం, పోటీ అన్నీ ఉంటాయి. తరువాత 1992లో, జపాన్ సంగీతకారుడు కితారో తోడ్పాటుతో చేసిన 'సీన్స్' ఆల్బమ్‌లో 'ట్రయంఫ్' వినండి. అదే బాణీ మళ్ళీ వాయించాడు. నాలుగేళ్ళలో మనిషి ఏం వదిలేశాడో, ఏం ఉంచుకున్నాడో రెండూ పక్కపక్కన వింటే తెలుస్తుంది. తలనొప్పి వస్తుందని భయపడే పెద్దవాళ్ళు నేరుగా 'సీన్స్' దగ్గరే మొదలుపెట్టవచ్చు. అందులో చాలా భాగం నిదానంగా సాగుతుంది.

2000లో ఆయన మెగాడెత్ వదిలేశాడు. 2003లో టోక్యోకి మకాం మార్చాడు. పెద్ద బృందం, పెద్ద పేరు వదులుకుని, తను ప్రేమించిన పాటలు పుట్టిన చోటికి వెళ్ళి, ఆ భాష మాట్లాడుతూ టీవీ కార్యక్రమాలలో కూడా స్థిరపడ్డాడు. అక్కడ ఇంటింటికీ తెలిసిన ముఖం అయ్యాడు. ఇక్కడ అమెరికాలో మాత్రం 'ఆయన ఇంకా వాయిస్తున్నాడా?' అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. దేశం మారితే ఒకచోట పెరిగింది ఇంకొకచోట తరుగుతుందని మనకు ఎవరూ చెప్పక్కరలేదు. 2009లో వచ్చిన 'టోక్యో జూక్‌బాక్స్' లో 'అమాగి గోయె' అనే ప్రసిద్ధ ఎంకా పాటని గిటార్ మీద పాడించాడు. హవాయి రేడియో దగ్గర మొదలైన ప్రేమ ఏమైందో తెలియాలంటే అది వినాలి.

మరొక్క మాట. 1987లో ఈయనతో కలిసి 'కకాఫొనీ' అనే బృందంలో వాయించిన జేసన్ బెకర్ అప్పటికి టీనేజ్ కుర్రాడు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే ఏ.ఎల్.ఎస్. అనే జబ్బు వచ్చి చేతులు, మాట కూడా పోయాయి. కంటి కదలికలతోనే స్వరాలు చెప్పి సంగీతం కూర్చే పద్ధతి అలవాటు చేసుకున్నాడు. 2014లో ఫ్రీడ్‌మన్ 'ఇన్ఫెర్నో' చేసినప్పుడు 'హారర్స్' అనే భాగం ఇద్దరూ కలిసి కూర్చారు. వేగం కోసం మాత్రమే ఈ సంగీతం వినేవాళ్ళు ఆ ఒక్కటి విని ఆలోచించాలి. వేళ్ళు పోయినా సంగీతం మిగిలిందంటే, అది వేళ్ళలో లేదన్నమాటే కదా.

చివరిగా తల్లిదండ్రులకి ఒక సలహా. మీ అబ్బాయో అమ్మాయో గిటార్ మీద సోలో వాయిస్తుంటే, 'ఎంత స్పీడుగా వాయిస్తావు?' అని అడగకండి. 'అది నోటితో ఒకసారి పాడు' అనండి. పాడగలిగితే, ఆ పిల్లకి సంగీతం వస్తోందని నమ్మకంగా అనుకోవచ్చు. పాడలేకపోతే, ఇద్దరూ కూర్చుని 'సీన్స్' వినండి.

మళ్ళీ కలుద్దాం. సెలవు.