పెట్టెలోంచి స్టాండు మీదికి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు "ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి సార్" అన్నారు. నాకంటే ముందు మాట్లాడినాయన సియాచిన్ గురించి చెప్పారు. నేను బట్టల స్టాండు గురించి చెప్తాను. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఆ స్టాండు దగ్గర జరిగినంత యుద్ధం నా 28 ఏళ్ళ సర్వీసులో నేను చూడలేదు.

1989లో జబల్‌పూర్ సిగ్నల్స్ ట్రైనింగ్ సెంటర్లో చేరాను. నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు. కిట్ లేఅవుట్ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కంబళి మడత అంచు పక్క మంచం కంబళి అంచుతో దారం పట్టినట్టు కలవాలి, లేకపోతే ఉస్తాద్ మొత్తం తీసి బయట పారేసేవాడు. కరెంటు పోయినా పెట్టెలో చెయ్యి పెడితే మేజోళ్ళే తగిలేవి. బట్టలు సర్దటం నాకు రాదని ఎవరూ అనలేరు అనుకునేవాణ్ణి.

అది ఒక మనిషి, ఒక పెట్టె లెక్క. సంసారం వచ్చాక పెట్టెలు ఏడయ్యాయి. జోధ్‌పూర్‌లో దుమ్ము, తేజ్‌పూర్‌లో చెమ్మ. రెండు మూడేళ్ళకోసారి బదిలీ. మళ్ళీ కట్టాలి కదా అని కొన్ని పెట్టెలు విప్పేవాళ్ళం కాదు. నాలుగో నంబరు పెట్టె తాళం వరసగా మూడు పోస్టింగులు తీయలేదు. అందులో ఉన్నవి మా ఆవిడ చీరలు.

2017లో నాయబ్ సుబేదారుగా రిటైరై గాజువాక దగ్గర రెండు గదుల వాటాలో దిగాం. గోడ బీరువాలు చిన్నవి. ఇనప పైపులతో బిగించుకునే బట్టల స్టాండు ఒకటి తెచ్చాను. బిగించి, పరేడ్ లెక్కన సర్దాను. "లంబా దాహినే, ఛోటా బాయే" అని పొడుగువి కుడి పక్క, పొట్టివి ఎడమ పక్క. నా యూనిఫారాలు, బ్లేజరు, ఓవర్‌కోటు, జెర్సీలు అన్నీ ఎక్కించాక మా ఆవిడకి మిగిలింది జానెడు. ఆవిడ ఏమీ అనలేదు.

పది రోజుల తర్వాత బంధువుల పెళ్ళికని మోకాళ్ళ నెప్పితోనే వంగి నాలుగో పెట్టె తెరిచింది. ధర్మవరం పట్టుచీర మడతల దగ్గర చీలిపోయింది. జరీ నల్లబడింది. 1996లో మా అత్తగారు పెట్టిన వెంకటగిరి చీర మీద బూజు మచ్చలు. అప్పుడు అంది: "మీ బట్టలకి నెలనెలా ఇన్‌స్పెక్షన్ ఉండేది. నా బట్టలకి ఈ ఇరవయ్యొక్క ఏళ్ళలో ఎవరు చేశారండీ?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు స్టాండు మొత్తం దింపాం. ఈసారి ఆవిడ చెప్పింది, నేను చేశాను. ఆ చేసిందే మీకు చెప్తున్నాను.

స్టాండు అంటే అన్నీ కనిపించేవి. అందుకని ఈ కాలంలో కట్టేవే దాని మీద ఉండాలి. జెర్సీలు తగిలిస్తే బరువుకి భుజాలు సాగిపోతాయి, అవి మడతపెట్టి కింద అరలోకి. బరువైనవి రెండు చివర్లా, కాళ్ళకి దగ్గరగా. నడుమ పెడితే పైపు వంగుతుంది. నాది వంగింది కూడా. హ్యాంగర్ల మధ్య రెండు వేళ్ళ సందు ఉంటే గాలి ఆడుతుంది. సముద్రం పక్క ఊళ్ళో పైపుకి తుప్పు త్వరగా వస్తుంది, ఆ మరక బట్టకి పడితే వదలదు. నెలకోసారి పొడిగుడ్డతో తుడుస్తాను. కిటికీ ఎండ సూటిగా తగలకూడదు, ఒక భుజమే వెలిసిపోతుంది. దుమ్ముకి పైన పాత నూలుచీర కప్పుతాం.

ఇంకో చిట్కా. హ్యాంగర్ల కొక్కేలన్నీ ఒకేసారి వెనక్కి తిప్పండి. తొడిగిన బట్టని మళ్ళీ తగిలించేటప్పుడు సరిగా పెట్టండి. ఆరు నెలలకి ఇంకా వెనక్కే ఉన్నవి మీరు తొడగనివి. నా వాటిలో పదిహేడు అలా మిగిలాయి. ఆవిడవి రెండు.

పట్టుచీరలు ఎక్కువకాలం తగిలించం. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చి, నీడలో గాలికి ఆరేస్తాం. కలరా ఉండలు జరీకి తగలనివ్వం. ఉన్నివి ఉతక్కుండా దాచకండి, చెమట మరక ఉన్నచోటే పురుగు ముందు పడుతుంది.

ఇక యూనిఫారాలు. ఆ పదిహేడులో ఎక్కువ అవే. ఇక్కడ కాస్త గట్టిగా చెప్తాను. పాత కాంబాట్ డ్రెస్సు వాచ్‌మన్‌కో, స్టీలు సామాన్ల ఆవిడకో ఇచ్చేయకండి. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించటానికి ఆ దుస్తులు వేస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను కింద నేరం. మూడు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2022 సైనిక దినోత్సవం నాడు కొత్త డిజైను వచ్చింది కదా, పాతది పారేస్తే ఏముందిలే అనుకోవద్దు. వీధిలో జనానికి రెండూ మిలటరీ బట్టలే. నేను బ్యాడ్జీలు విప్పి, ఒక జత ఉంచుకుని, మిగిలినవి కత్తిరించాను. కత్తెర మొదటిసారి పెట్టినప్పుడు చెయ్యి ఆడలేదు. మా ఆవిడే కాలరు పట్టుకుంది. ఆ ముక్కలతోనే ఇప్పుడు మా స్కూటరు తుడుస్తున్నాను, ఎవరికీ చెప్పకండి.

ఉంచుకున్న జత, మెడల్స్ పెట్టుకునే బ్లేజరు కుడి చివర ఉంటాయి. మిగతా పైపంతా ఆవిడది. పొడుగు, పొట్టి వరస లేదు. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో ఆవిడ ఇష్టం. పసుపు పక్కన వంకాయ రంగు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బూజు మచ్చలు పూర్తిగా పోలేదు, కొంగు లోపలి వైపుకి వచ్చేలా కడుతుంది. ఇవాళ కట్టుకొచ్చింది ఆ వెంకటగిరి చీరే, మూడో వరసలో చూడండి. కొన్నప్పటినుంచీ ఇది ఆరోసారి. అందులో నాలుగుసార్లు స్టాండు వచ్చాకే.

సెలవు. జై హింద్.