మీటరు దాటిన తీగ మనదే

(పాలకాయతిప్పలో రైతులు, చెరువుల కౌలుదారులతో జరిగిన సమావేశంలో సంఘం కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు శివారు ఎకరాలకు కాలువ నీరు అందని సంగతీ, కౌలు కార్డుల సంగతీ చెప్పారు. నన్ను కరెంటు గురించి చెప్పమన్నారు. కరెంటు అనగానే మనకు చార్జీలే గుర్తొస్తాయి. తప్పు లేదు. చార్జీల పెంపు మీద జరిగిన పోరాటంలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. కరెంటు ధర మీద ఇంత కొట్లాడిన మనం, అదే కరెంటు మీటరు దాటి మన దొడ్లోకి ఎలా వెళుతోందో మాత్రం చూసుకోవడం లేదు. ఈ పూట చెప్పేది ఆ తీగ గురించే. ఇంటి నుంచి గొడ్ల చావిడికి, మోటారు పాకకి, చెరువు గట్టు మీద మేత షెడ్డుకి మనం లాక్కునే తీగ.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. నేను ఐటీఐలో వైర్‌మన్ ట్రేడు చదివినవాణ్ణి. అయినా మా చావిడికి కరెంటు ఎలా తీసుకెళ్లానో తెలుసా? వంటింటి ప్లగ్గులోంచి రెండు తీగల వైరు లాగి, రెండు వెదురు గడల మీద వేలాడదీశాను. ఒక లైటు, ఒక ఫ్యాను, అంతే కదా అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి గడ్డి కోసే మిషను కొన్నాం, అదీ ఆ వైరుకే తగిలించాం. ఒక వానాకాలం తెల్లవారుజామున మా ఆవిడ పాల చెంబు పట్టుకుని వెళ్లింది. చూడి గేదె ఇనప రాటకు ఆనుకుని పడిపోయి ఉంది. అదృష్టం బాగుండి తను గుమ్మంలోనే ఆగి కేకేసింది. నేను పరిగెత్తి ఫ్యూజు పీకాను. గేదె దక్కలేదు. తర్వాత చూస్తే వైరు మీద తొడుగు రాపిడికి అరిగి, రాగి తీగ రాటకు తగులుతోంది. ఫ్యూజు మాత్రం పోలేదు. గేదె చచ్చిపోయినా ఫ్యూజు ఎందుకు పోలేదు? అది అర్థమైతే మిగతాదంతా తేలికే.

మీ ఇంట్లో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సుమారు 40 మిల్లీఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ఆంపియర్‌లో 25వ వంతు. అంత కరెంటు గుండె మీదుగా కొద్ది సెకన్లు పోతే చాలు, మనిషి దక్కకపోవచ్చు. మన ఫ్యూజో, ఎంసీబీనో 10 ఆంపియర్లదో 16 ఆంపియర్లదో ఉంటుంది. మనిషి గుండా పోయే కరెంటు దాని లెక్కలోకే రాదు. ఎంసీబీ కాపాడేది తీగని, మనిషిని కాదు. మనిషిని కాపాడటానికి వేరే పరికరం ఉంది. ఆర్‌సీసీబీ అంటారు, పాతవాళ్లు ఈఎల్‌సీబీ అనేవారు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీఆంపియర్లు అని రాసి ఉందో లేదో, ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. నొక్కితే పడిపోవాలి. పడకపోతే మార్చేయండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఎంసీబీ పని ఆర్‌సీసీబీ చేయదు, ఆర్‌సీసీబీ పని ఎంసీబీ చేయదు. రెండూ ఉండాలి.

ఇక ప్లాను సంగతి. వైరు కొనేముందు కాగితం, పెన్ను తీసుకోండి. చావిట్లో ఏమేం నడుస్తాయో రాయండి. ఇప్పుడున్నవే కాదు, రెండేళ్లలో కొనబోయేవి కూడా. మచ్చుకి లెక్క కడదాం. 2 హెచ్‌పీ గడ్డి మిషను సుమారు 11 ఆంపియర్లు, 1 హెచ్‌పీ నీళ్ల మోటారు 6 ఆంపియర్లు, లైట్లు ఫ్యాన్లు కలిపి ఒక ఆంపియరు. మొత్తం 18. 'రెండు మోటార్లూ ఒకేసారి వెయ్యంలే' అని మనం అనుకుంటాం. మనం లేనప్పుడు పిల్లాడు వేస్తాడు. కాబట్టి 18 అనే లెక్క కట్టాలి.

తర్వాత దూరం. ఇంటి బోర్డు నుంచి చావిడికి 60 మీటర్లు అనుకోండి. 18 ఆంపియర్లు అంత దూరం పోతే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 31 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 తీగలో 19, 4 తీగలో 12, 6 తీగలో 8 పోతాయి. ఇంటి దగ్గర 230 ఉన్నప్పుడు 5 శాతానికి, అంటే 11.5 వోల్టులకు మించి పోకూడదు. అందుకని ఈ చావిడికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. సాయంత్రం పూట మన ఊళ్లలో ఇంటి దగ్గరే 200 ఉంటే, సన్న తీగ చివర మోటారుకి 170 కూడా మిగలదు. మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, వైండింగ్ కాలుతుంది. 'కంపెనీ మంచిది కాదు' అని మోటారుని తిట్టుకుంటాం. వైరులో మిగుల్చుకున్న డబ్బు వైండింగ్ షాపులో కడతాం.

ఇంటి దగ్గర మీటరు పక్కనే చావిడికి వేరే ఎంసీబీ, వేరే ఆర్‌సీసీబీ పెట్టించండి. వంటింటి ప్లగ్గులోంచి వద్దు. చావిట్లో ఇంకో స్విచ్చు ఉండాలి, లోపలికి అడుగు పెట్టకముందే గుమ్మం దగ్గర చేతికందేలా. లోడు పెరిగితే ముందుగా ఏఈ ఆఫీసులో అడగండి. చెరువులకు, పశుపోషణకు వేరే కేటగిరీ ఉంది. వ్యవసాయ మోటారు కనెక్షను నుంచి ఇంటికీ చావిడికీ లాగితే రేపు ఇబ్బంది మనకే.

తీగ నేలలోంచి వేస్తే ఆర్మర్డ్ కేబుల్ వేయండి. రెండున్నర అడుగుల లోతున, ఇసుక పోసి, పైన వరసగా ఇటుకలు పేర్చండి. ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ఇంట్లో గోడ మీద రాసిపెట్టండి, రేపు గునపం వేసేవాడికి తెలియాలి. పైనుంచి వేస్తే నిండు గడ్డి బండి మీద నిలబడ్డ మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తున ఉండాలి. గడ్డివాము మీదుగా ఎప్పుడూ పోకూడదు. దారి మధ్యలో అతుకులు వద్దు. చావిట్లో వైరు పైపులోంచే పోవాలి. ఎలుకలున్నాయి, పశువుల మూత్రం ఉంది, ఉప్పు గాలి ఉంది.

ఎర్త్ గురించి మన నేలకి ప్రత్యేకంగా చెప్పాలి. పైపు రెండున్నర మీటర్లు దిగాలి, గోడకి మీటరున్నర దూరంలో ఉండాలి. మెట్ట ఊళ్లలో గుంటలో ఉప్పు, బొగ్గు పోస్తారు. ఇక్కడ ఉప్పు పోయకండి. మన నేలలో కావలసినంత ఉంది. కరెంటు తేలిగ్గానే దిగుతుంది, కానీ ఇనుము త్వరగా తినేస్తుంది. రాగి పూత కడ్డీ వేయండి. కలిపిన చోటు నేలపైన కనబడేలా ఉంచి గ్రీజు రాయండి. ఏటా వేసవిలో, తొలకరికి ముందు, ఎర్త్ టెస్టరుతో కొలిపించండి. చావిట్లో ఇనప రాటలు, రేకులు, నీళ్ల పైపు అన్నీ ఆ ఎర్త్ తీగకి కలపాలి. తడి నేల మీద నాలుగు కాళ్లు దూరంగా వేసుకుని నిలబడే గేదె మనిషికంటే తక్కువ వోల్టేజీకే పడిపోతుంది. ఇంకొకటి. కొన్నిచోట్ల ఫేజు ఒక్కటే తెచ్చి, నేలలో కడ్డీ పాతి లైటు వెలిగిస్తున్నారు. ఇంకొందరు న్యూట్రల్‌నే ఎర్త్ అని మోటారు బాడీకి కడుతున్నారు. ఆ న్యూట్రల్ దారిలో తెగిన రోజు మోటారు బాడీ మొత్తం ఫేజే. ఈ రెండూ ఇవాళే తీసేయండి.

ఇప్పుడు చెరువుల రైతులు నన్ను అడిగే ప్రశ్న. 'ఆర్‌సీసీబీ పెడితే అర్ధరాత్రి ఊరికే పడిపోతోంది. ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకే తీసేశాం.' వాళ్ల భయం నిజమైనదే. ఆక్సిజన్ అందక ఒక్క రాత్రిలో పంట మొత్తం పోతుంది, అప్పు మిగులుతుంది. కానీ అది ఊరికే పడటం లేదు. ఉప్పునీళ్లలో నడిచే ప్రతి మోటారు నుంచీ కొద్దికొద్దిగా లీకేజీ ఉంటుంది. పదింటినీ ఒకే ఆర్‌సీసీబీ మీద పెడితే అన్నీ కలిసి దాన్ని పడేస్తాయి. రెండు మూడు ఏరియేటర్లకొకటి చొప్పున విడగొట్టండి. త్రీ ఫేజు మోటార్లకు నాలుగు పోల్స్‌ది వాడండి. అప్పుడు ఒక జట్టు ఆగినా మిగతావి తిరుగుతుంటాయి, ఏ మోటారు చెడిందో కూడా తెలుస్తుంది. కరెంటు పోతే మోగే అలారం కాపలా పాకలో పెట్టండి. ఖర్చవుతుంది, కాదనను. కానీ రాత్రి నీళ్లలోకి దిగేది ఎవరు? చాలాచోట్ల యజమాని కాదు, జీతానికి పెట్టుకున్న కుర్రాడు. రొయ్యకి లెక్క కట్టినట్టే వాడి ప్రాణానికీ లెక్క కట్టాలి. స్విచ్చు ఆపకుండా ఎవర్నీ చెరువులోకి దింపకండి.

చివరగా తుఫాను. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకి గాలీ నీరూ ఏం చేస్తాయో నేను చెప్పక్కర్లేదు. హెచ్చరిక రాగానే చావిడి, చెరువు లైన్లు మీటరు దగ్గరే ఆపేయండి. వేరే ఎంసీబీ పెట్టుకోమన్నది ఇందుకు కూడా. బోర్డులు వాన నీరు నిలిచే మట్టానికి బాగా పైన బిగించండి. నీళ్లలో మునిగిన బోర్డును ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ చూశాకే వేయండి. జనరేటరు వాడేవాళ్లు తప్పకుండా చేంజోవర్ స్విచ్చు పెట్టండి. అది లేకపోతే మీ జనరేటరు కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కుతుంది. తెగిన తీగలు సరిచేస్తున్న లైన్‌మన్ స్తంభం మీదే పోతాడు. అతనూ మనలాంటి కష్టజీవే. తెగిపడ్డ తీగ కనబడితే ముట్టుకోకుండా, పిల్లల్ని, పశువుల్ని దూరం పెట్టి 1912కి ఫోను చేయండి.

వేలాడే లైన్లు, వంగిన స్తంభాలు సరిచేయించడం డిస్కం బాధ్యత. దాని మీద సంఘం గట్టిగా అడుగుతుంది, ధర్నా అయినా చేస్తుంది. ప్రమాదం జరిగితే విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షను కింద విచారణ జరగాలని కూడా అడుగుతాం. కానీ మీటరు దాటాక మనం వేలాడదీసిన వైరుకి షాకు కొడితే మన తరఫున వాదించడానికి సంఘానికి కూడా మాట దొరకదు.

అందుకని ఒక ప్రతిపాదన. మన శాఖ చందాలతో ఒక ఎర్త్ టెస్టరు కొందాం. ఊళ్లో ఉన్న ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని వచ్చే తొలకరిలోపు సభ్యులందరి చావిళ్లు, మోటారు పాకలు, చెరువు షెడ్లు ఒక్కొక్కటే చూద్దాం. ఎక్కడ ఏం మార్చాలో రాసి ఇద్దాం. ఆర్‌సీసీబీలు, కేబుల్ అందరికీ కలిపి ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది. చేతులెత్తితే ఈ ఆదివారం నుంచే మొదలుపెడదాం. మొదట మా చావిడి చూడండి. అప్పటి తప్పు సరిచేసుకున్నానో లేదో మీరే చెప్పండి.