పత్తికట్టె పొగలో పోవు ధనము

(ఖమ్మము ప్రాంతపు పఠనమందిర సభ్యుల నుద్దేశించిన యుపన్యాసము)



కడపటి పత్తి తీసిన పిదప మన నల్లరేగడి చేలలోను, భద్రాచలపు అడవియంచున గల పోడుభూములలోను జరుగునది మీ రెరుగుదురు. పత్తికట్టెను పీకి, కుప్పవేసి, నిప్పు పెట్టుదురు. మిగిలిన కాయలలో గులాబిరంగు పురుగు దాగియుండును గావున చేనిని శుభ్రపరుపవలసినదే. కాని శుభ్రపరుచుట వేరు, తగులబెట్టుట వేరు.

ద్రాక్ష పండించు దేశములు ఈ భేదమును గ్రహించుచున్నవి. ద్రాక్షతీగెకు ఏటేట కత్తిరింపు తప్పదు. హైదరాబాదు ప్రాంతమున ఏటికి రెండుమారులు కత్తిరింతురు. ఆ కోసిన తీగెలలో రెస్వెరట్రాల్ అను ద్రవ్యము కలదు. బూజు సోకినప్పుడును, గాయమైనప్పుడును తీగె దీనిని తన రక్షణకై కూర్చుకొనునని 1976లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తీగెలను ఆరబెట్టి, పొడిచేసి, నీరు కలిపిన మద్యసారమున నానబెట్టుదురు. పిదప మద్యసారమును ఆవిరిగా వేరుపరచిన, సారము అడుగున మిగులును. వేయి కిలోల తీగెకు దక్కునది కొన్ని కిలోలే. అయినను దాని వెల కట్టెవెల కాదు.

మనకు ద్రాక్షతోటలు లేవందురా? పత్తి కలదు. పత్తిమొక్కయు తన్ను తాను కాచుకొనునదియే. గాసిపాల్ అను పసుపువన్నె విషమును గింజలయందును, వేరుబెరడునందును నిలుపుకొని పురుగులను దూరముంచును. పత్తిపూవుల వన్నెద్రవ్యములను వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారును, వారి సహచరులును 1930ల దశకముననే శోధించిరి. ఇక కట్టెను ఆమ్లముతో ఆవిరిపట్టిన ఫర్ఫురాల్ అను ద్రవము దిగును. నూనెల శుద్ధికిని, జిగురుల తయారీకిని అది పనికివచ్చును. అమెరికాలో 1922లోనే ఓట్సు ధాన్యపు పొట్టునుండి దీనిని వర్తకమునకు తీయసాగిరి. పొట్టులో దొరకిన ధనము కట్టెలోను దొరకును.

అయినచో ఆ ధన మెవరికి చెందవలెను? ఇదియే అసలు ప్రశ్న. భద్రాచలపు కోయసోదరులను చూడుడు. తపసిచెట్టు తన గాయమునుండి స్రవించు బంకను, ఇప్పగింజను, కరక్కాయను సేకరించుట వా రెరుగుదురు. ఇట్టి సరకును న్యాయమైన వెలకు కొనుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడెను. సేకరించువాడు ముడిసరకు మాత్రమే అమ్మినంతకాలము, పెరిగిన విలువ మరియొకచోటనే నిలుచును. పత్తికట్టె విషయమున మనము అదేదారి తొక్కరాదు.

పత్తికట్టె తేలికయు, స్థూలమును గలది. బండికూలియే లాభమును మింగును. కావున గ్రామముననే దానిని నరికి పొడిచేయు యంత్రమును రైతులు సహకార పద్ధతిని నెలకొల్పవలెను. సారము తీయు పని పలుగ్రామములకు కలిపి ఒక్కచోట జరుగవచ్చును. సారము తీసిన పిప్పి పలకలకైనను, ఎరువునకైనను పోవును. నిప్పుపెట్టుటకు ఖర్చులేదు, కట్టెను చేరవేయుటకు కూలి కావలెను. ఆ కూలికి మించిన వెల రైతు చేతికి రానియెడల ఎంతటి శాస్త్రమైనను అతని చేతి అగ్గిపెట్టెను మాన్పింపజాలదు.

కావున విద్యావంతులైన మీరు మొదట లెక్కవేయుడు: మీ యూర ఎన్ని బండ్ల కట్టె కాలుచున్నది, దానిని చేర్చుటకు ఎంత కూలి పట్టును. ఆ లెక్కను చేతబట్టుకొని రసాయన శాస్త్రజ్ఞునికడకును, సహకార సంఘముకడకును పొండు. పొగ ఆకాశమున కెగసిన పిదప దానిని తిరిగి పట్టువాడు లేడు.