యుద్ధ నవల - నమ్మిక, ముగింపు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాదినాడు యుద్ధాల మాట ఏమిటని మీరు అనుకోవచ్చును. పచ్చడిలో వేపపువ్వు కూడ ఉన్నది గదా అని సర్దుకొనవలెనని మా మనవి. నిజానికి ఈ విషయాన్ని మేము ఎంచుకొనలేదు. మన సంఘపు పుస్తకాల బీరువా ఎంచి పెట్టినది. దాని తాళపుచెవి మా వద్ద ఉన్నందున ఏ పుస్తకం ఎవరింటికి పోతున్నదో మాకు తెలుసును. రెండు మూడేండ్లుగా మన యువకులు ఎక్కువగా తీసికొనిపోయేవి యుద్ధ నవలలు. కత్తులు, గుఱ్ఱాలు ఉన్న పాత యుద్ధాలు కావవి. జలాంతర్గాములు, క్షిపణులు, రాడార్లు ఉన్న కొత్త యుద్ధాలు. చాలావరకు ఇంగ్లీషువే. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అని పోతారు. ఆ మాటలనే ఒకచోట కూర్చి ఈనాడు మీ ముందు పెట్టుతున్నాము.

ఎందరు ఎన్ని అన్నా, అన్నీ రెండు ప్రశ్నలలో ఇముడుతున్నవి. ఒకటి: ఇది జరిగే పనేనా? రెండు: ఇట్లా ముగియవచ్చునా?

మొదట నమ్మిక సంగతి. ఈ తరహా నవలలకు పెద్ద పేరు తెచ్చినవాడు అమెరికావాడైన టామ్ క్లాన్సీ. చూపు మందమైనందున ఆయనకు సైన్యంలో చోటు దొరకలేదు. భీమా వ్యాపారం చేసుకొంటూ, పుస్తకాలు చదివి, తెలిసినవారిని అడిగి, 1984లో ఒక రష్యా జలాంతర్గామి కథ రాసినాడు. ‘ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్’ అని దాని పేరు. నౌకాదళ విషయాల పుస్తకాలే వేసే ఒక ప్రచురణ సంస్థ, నవల అన్నది ఎరుగని సంస్థ, దానిని అచ్చువేసినది. తరువాత 1986లో లారీ బాండ్ అనే మిత్రునితో కలిసి ‘రెడ్ స్టార్మ్ రైజింగ్’ రాసినప్పుడు, బల్లమీద ఆడే నౌకాయుద్ధపు ఆట ఒకటి ఆడి చూసి, ఏ ఓడ మునుగుతుందో ఏది తేలుతుందో సరిచూసుకొన్నారు. జరిగే పనే అనిపించటానికి ఇంత శ్రమ పడినారన్నమాట.

అయినా మన పాఠకులు ఊరుకొన్నారా? పీళమేడులో ఉండే ఒక పెద్దాయన నలభై ఏండ్లు మిల్లులో ఫిట్టరు పని చేసి విశ్రాంతి తీసికొన్నవారు. ఆయన పుస్తకం బల్లమీద పెట్టి ఇట్లా అన్నారు: “శుక్రవారం కొత్త బేరింగు వేస్తే సోమవారానికి మోత మొదలుపెట్టేది. వేయి మైళ్ళు పోయిన క్షిపణికి ఒక్క మర కూడ వదులు కాలేదేమండీ?” మధురలో ఉండే మాజీ హవల్దారుగారి ఫిర్యాదు వేరు. “సైన్యంలో సగం బ్రతుకు కాచుకొని కూర్చోవటమే. వండి ఎప్పుడు వస్తుంది, ఉత్తరం ఎప్పుడు వస్తుంది, ఉత్తర్వు ఎప్పుడు వస్తుంది అని. ఈ పుస్తకంలో ఎవరూ కాచుకోరు, ఎవరికీ ఆకలి కాదు.” పక్కనే ఉన్న కాలేజీ అబ్బాయి, “తాతా, కాచుకోవటమంతా రాస్తే పుస్తకం ఎవరు కొంటారు?” అని నవ్వినాడు. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు.

వాదం తెగకపోయేసరికి మేము ఒక ఉపాయం చేసినాము. యువకులను కూర్చోబెట్టి, పేర్లు తీసివేసి ఒక కథ చెప్పినాము.

“ఒక రాజ్యపు కోటను శత్రువులు పట్టి, రాజును ఉరితీసి, గోడలు నేలమట్టం చేసినారు. రాజుగారి తమ్ముణ్ణి, బంధువులను మరొక ఊరి కోటలో ఖైదు చేసినారు. ఆ తమ్మునికి మాట సరిగా రాదు. ఏడాది దాటిన తరువాత ఒకనాడు ఖైదీలు కావలివారిని లొంగదీసి పారిపోయినారు. సైన్యం వెంటబడి పోయి చూస్తే, నేలమట్టమైన కోట మళ్ళీ లేచి నిలిచి ఉన్నది! గోడలమీద నిండా మనుషులు. ఫిరంగులతో వచ్చిన సైన్యం దెబ్బ తిని వెనుదిరిగినది.”

అందరూ ఒక్కసారిగా నవ్వినారు. “ఇది సినిమా కథ. మాటరానివాడు నాయకుడా? కొద్ది రోజులలో కోటా? ఖైదీలు పారిపోతుంటే అధికారులు ఏమి చేస్తున్నారు?” అని ప్రశ్నలు.

అప్పుడు పేర్లు చెప్పినాము. కోట మధురకు దక్షిణాన ఉన్న పాంచాలంకురిచ్చి. ఉరితీయబడినది వీరపాండ్య కట్టబొమ్మన్, 1799 అక్టోబరు 16న, కయత్తారు వద్ద. తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల వంశమువాడు. గెట్టిబొమ్ము అన్న తెలుగు పేరే కట్టబొమ్మన్ అయినదని మన పెద్దలు చెప్పుతారు. తమ్ముడు ఊమైదొర. తమిళంలో ఊమై అంటే మూగ. పాళయంకోట ఖైదునుండి వారు తప్పించుకొన్నది 1801 ఫిబ్రవరి 2న. మార్చి 31న కంపెనీ సైన్యం కోటమీద పడి, చాలామందిని పోగొట్టుకొని తిరిగి వచ్చినది. ఈ సంగతులు రాసినది మనవాడు కాదు. ఆ దండులోనే ఉన్న వెల్ష్ అనే ఇంగ్లీషు అధికారి. 1830లో అచ్చయిన తన జ్ఞాపకాలలో, లేచి నిలిచిన ఆ గోడలను చూసి తాము నివ్వెరపోయినామని ఒప్పుకొన్నాడు.

కోట ఎట్లా నిలిచినదన్నదానికి మన ఫిట్టరుగారే సమాధానం చెప్పినారు. రాతిగోడను ఫిరంగిగుండు పగులగొట్టును. మెత్తని మట్టిగోడలో దిగబడి అక్కడే ఉండిపోవును. మట్టి, పార, చేతులు ఉంటే చాలును.

మరి అధికారులు ఏమి చేస్తున్నారు? వెల్ష్ అదీ రాసినాడు. ఆ వేళ దొరలూ దొరసానులూ అందరూ ఊరి బయట తోటబంగళాలో మేజరుగారి విందులో ఉన్నారు! ఈ మాట వినగానే, అంతవరకు నవ్వుతున్న అబ్బాయి నవ్వు ఆపి, “అయితే నమ్ముతాను” అన్నాడు. చరిత్ర అన్నందుకు అతడు నమ్మలేదు, ఇంగ్లీషువాడు రాసినాడన్నందుకూ నమ్మలేదు. విందు మాటతో నమ్మినాడు. మాకు ఆనాడు ఒక సంగతి తెలిసినది. యంత్రం పనిచేసే తీరు తప్పు రాసినా పాఠకుడు కొంతవరకు క్షమించును. మనిషి నడిచే తీరు తప్పు రాస్తే క్షమించడు.

ఇక ముగింపు. ఇంగ్లీషు నవలలమీద మన యువకులకు ఉన్న పెద్ద అసంతృప్తి ఇక్కడే. హాకెట్ అనే బ్రిటిషు సేనాధిపతి 1978లో రాబోయే మూడవ ప్రపంచయుద్ధాన్ని ఊహించి ఒక పుస్తకం రాసినాడు. ఇందాక చెప్పిన క్లాన్సీ, బాండ్‌ల నవల మరొకటి. రెండింటిలోనూ వందల పేజీల పోరు జరిగిన తరువాత మాస్కోలో తమవారే తమ ప్రభుత్వంమీద తిరగబడటం, యుద్ధం ఆగటం. “పరీక్షలో లెక్క కుదరనప్పుడు వెనుకపేజీ చూసి జవాబు వేసినట్లున్నది” అని ఒక అమ్మాయి అన్నది.

అన్నీ గెలుపుతోనే ముగియవలెనని నియమమేమీ లేదు. ఈ తరహా కథలకు మూలపురుషుడైన చెస్నీ మన దేశంలో పనిచేసిన ఇంజనీరు అధికారి. 1871లో ఆయన రాసిన ‘ది బ్యాటిల్ ఆఫ్ డార్కింగ్’ కథలో ఇంగ్లండు ఓడిపోవును. ఓడిన యుద్ధాన్ని ఒక ముసలాయన తన మనుమలకు చెప్పుతున్నట్లు రాసినాడు. దానితో పుట్టిన కలవరం ఎంతటిదంటే, ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ సభలో దానిని ఖండించవలసి వచ్చినది. గెలుపు కథ అయితే ఆయన నోరు మెదపవలసిన పని ఉండేది కాదు.

మన తెలుగులోనే చూడండి. 1971 డిసెంబరు 3-4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్నం వద్ద పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయినది. అందులోని తొంబైమందికి పైగా మనుషులలో ఒక్కరూ మిగలలేదు. మన ఓడ రాజ్‌పుత్ వేసిన పేలుడు గుండ్లవల్లనని మన నౌకాదళంవారు, లోపలి ప్రమాదంవల్లనని వారు. సముద్రం అడుగున జరిగినదానికి సాక్షి లేడు. 2017లో సంకల్ప్ రెడ్డిగారు తీసిన ‘ఘాజీ’ చిత్రంలో మన జలాంతర్గామి ఒకటి దానితో నీటి అడుగున ముఖాముఖి పోరాడి గెలుచును. అది కల్పన. మన సంఘంలో దీనిమీద రెండు పక్షాలు అయినవి. నిజాన్ని అట్లా మార్చరాదని హవల్దారుగారు. తెలియని చోటును కథతో నింపటానికే కథకుడున్నాడని యువకులు. మేము తీర్పు చెప్పలేదు. తీర్పు మరొకచోటనుండి వచ్చినది.

మధురలో మా ఎరుకలో ఒక కుటుంబమున్నది. ఆ ఇంటి అబ్బాయి ఇంగ్లీషులో నవలలు చదువును, తమిళంలో బడి చదువు చదివినాడు. తెలుగు మాట్లాడును కాని అక్షరం రాదు. అవ్వకు కండ్లు సరిగా కనబడవు. రోజూ రాత్రి తాను చదివిన జలాంతర్గామి కథను ఆమెకు తెలుగులో చెప్పేవాడు. పెరిస్కోపు అన్న మాట వచ్చినప్పుడు ఆగి, ఎట్లా చెప్పవలెనో తోచక తడబడితే, “నీళ్ళలోనుండి తొంగి చూసే గొట్టమని చెప్పరాదూ నాయనా” అని ఆమే అందించేదట. కథ అంతా అయినది. శత్రువు ఓడ మునిగినది. అబ్బాయి విజయగర్వంతో ముగించినాడు. అవ్వ కాసేపు ఊరుకొని, “ఆ పైన?” అన్నది.

“ఆ పైన ఏముందవ్వా, అయిపోయినది.”

“ఓడలో పోయినవాళ్ళ ఇండ్లకు ఎవరు పోయి చెప్పినారు?”

అబ్బాయి దగ్గర జవాబు లేదు. పుస్తకంలోనూ లేదు.

అయ్యలారా, అమ్మలారా, ఆ ప్రశ్న మనది. 1529 ప్రాంతంలో విశ్వనాథనాయకుడు మధురలో అధికారానికి వచ్చినాడు. 1736లో రాణి మీనాక్షితో ఆ రాజ్యం ముగిసినది. చరిత్ర పుస్తకం అక్కడ పేజీ తిప్పును. 1800 జూన్ 3న కోయంబత్తూరు కోటమీద దాడికి తిరుగుబాటుదార్లు చేసిన ప్రయత్నం విఫలమైనది. నలభైమందికి పైగా ఉరికంబం ఎక్కినారు. మరుసటి ఏడాది మే 24న పాంచాలంకురిచ్చి కోటా పడిపోయినది. ఊమైదొరనూ, విరూపాక్షి పాళెగాడు గోపాలనాయకునీ ఆ ఏడాదే ఉరితీసినారు. పుస్తకం అక్కడ ముగియును. కాని మనుషులు ముగియలేదు. నల్లరేగడిలో పత్తి వేసినారు, బావులు తవ్వినారు, మగ్గం వేసినారు, మిల్లుకు పోయినారు. ముగింపు తరువాతి పేజీలు మనమే.

ఆ పేజీలను నవలగా రాసినవాడూ మనలోనివాడే. ఇడైచేవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ ప్రచురించినారు. పారిపోయి వచ్చిన తెలుగు కుటుంబాలు అడవి కాల్చి, నేల చదును చేసి ఊరు కట్టుకొన్న కథ అది. చెప్పేది ఒక ముదుసలి అవ్వ. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది. అయితే ఆయన రాసినది తమిళంలో. ఆయనను తప్పు పట్టటం లేదు. చదివేవారు ఉన్నచోట రాసినారు.

ఇంకొక మాట కూడ, కోపగించుకొనకుండ వినవలెను. నవలలను అడిగే రెండు ప్రశ్నలను మన ఇంటి కథలనూ అడగవలెను. మన ఇండ్లలో విచారిస్తే ప్రతి ఇంటి పూర్వీకుడూ సేనాపతియే! అందరూ సేనాపతులైతే గుఱ్ఱానికి గడ్డి వేసినవారెవరు? మూట మోసినవారెవరు? అన్నం వండిన తల్లి ఎవరు? ఇది జరిగే పనేనా అని మన పిల్లలు రేపు అడిగితే, ఫిట్టరుగారి మర వదులైనట్లు మన కథా వదులగును. గడ్డి వేసినవాని కథ చెప్పితే నమ్ముతారు, విందు మాట విని నమ్మినట్లే.

కనుక మా ప్రార్థన చిన్నది. పిల్లలు ఏ భాషలో ఏ యుద్ధ నవల చదివినా వద్దనకండి. చదివినది రాత్రి భోజనాలయిన తరువాత ఇంట్లో తెలుగులో చెప్పమనండి. క్షిపణికీ రాడారుకూ మాట దొరకకపోతే అవ్వ అందించును. కథ అయిన తరువాత “ఆ పైన?” అని ఒక్కసారి అడగండి. అప్పుడు మీ ఇంటి కథ మీరు చెప్పండి, సేనాపతి లేకుండా. అక్షరం వచ్చినవారు ఎవరైనా దానిని రాసి ఇస్తే మన బీరువాలో ఒక అర ఖాళీగా ఉంచినాము.

ఆ అబ్బాయి మొన్న వచ్చి, మరొక పుస్తకం తీసికొని, తెలుగు ఓనమాల పుస్తకం ఉన్నదా అని కూడ అడిగినాడు. అవ్వ చెప్పేది రాసుకోవలెనట. ఇచ్చినాము. తిరిగి ఇవ్వవలసిన గడువు మాత్రం రాయలేదు.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.